క్షేమమని రాస్తే కంగారు

మార్చి 29

అక్కకి,

చేతులు రెండూ మెషీన్ నూనెతో జిడ్డోడుతున్నాయి, కాబట్టి నమస్కారం నోటితోనే పెడుతున్నాను. కాగితం మీద మరకలు చూసి తిట్టకు.

మొన్న పొద్దున్న ఊరు దాటబోతుంటే రోడ్డుకి అడ్డంగా డ్రమ్ములు పెట్టేశారు. ముందుకి పోనివ్వరు, వెనక్కి పోనివ్వరు. ఈ జబ్బు తగ్గేదాకా ఎక్కడి బండి అక్కడేనట. మా అదృష్టం బాగుండి మా వ్యాను పెట్రోలు బంకు పక్కనే ఆగింది. బంకు ఓనరు పెద్దమనిషి. వెనకున్న స్నానాలగది తాళంచెవి తెచ్చి మీ మరదలి చేతిలో పెట్టాడు. ఇన్నేళ్ళుగా రోడ్డు మీద కాపురం చేస్తున్నాం గానీ ఇలాంటి స్నానాలగది ఎక్కడా దొరకలేదు. నిలువుటద్దం కూడా ఉంది. నేనింత ముసలాణ్ణి అయ్యానని ఇన్నాళ్ళూ నాతో ఎవరూ అనలేదు.

టైలరు షాపులన్నీ మూసేశారు కదా, కుట్టుమెషీన్లు బాగుచేసుకు బతికేవాడికి ఇక పస్తులే అనుకున్నాను. తీరా చూస్తే ముక్కూ నోరూ కప్పుకునే గుడ్డలకి కరువొచ్చింది. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ అటక మీది మెషీను దించారు. అన్నీ తుప్పే. ఒకదాంట్లో ఎలుక కాపురం పెట్టి, పిల్లల్ని కూడా కంది. పొద్దున్న లేచేసరికి వ్యాను ముందు వరస కట్టి ఉంటారు. పని చేయించుకున్నవాళ్ళు తలా ఒక గిన్నె తెచ్చి పెడుతుంటే తినలేక చస్తున్నాం. మీ మరదలు ఒళ్ళు చేసింది.

ఫోను చేద్దామంటే ఓనరు దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు. పదిమంది నోళ్ళ దగ్గర పెట్టుకునే వస్తువట. మీ కింది వాటా వాళ్ళూ ఆ పనే చేసి ఉంటారు. అందుకని ట్యాంకరు డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. పెట్రోలు ట్యాంకరు ఒక్కదాన్నే ఎవరూ ఆపడం లేదు. మీ వీధి చివరి బంకుకి కూడా అతనే పోస్తాడు. జవాబు అతనికే ఇవ్వు.

ఈ జబ్బు నేరుగా ఊపిరితిత్తుల మీదికే వస్తుందట. నీ ఆయాసం సంగతి నీకు నేను చెప్పాలా? గుమ్మం దాటావంటే నా మీద ఒట్టు.

నీ తమ్ముడు


ఏప్రిల్ 2

ఒరేయ్ బొంగరం,

నీ ఉత్తరాన్ని పట్టకారుతో పట్టుకుని, రెండువైపులా ఇస్త్రీ చేసి మరీ చదివాను. నూనె మరక దగ్గర కాగితం మాడి చిల్లు పడింది. ఆ చిల్లులో ఏం రాశావో నాకక్కర్లేదు, మిగతాది చాలు.

ముప్పై ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేశాను. "తలనొప్పిగా ఉంది మేడమ్" అంటే సినిమాకని, "చదువుకోవాలి మేడమ్" అంటే రెండో ఆటకని తెలుసుకోవడానికే నాకు జీతమిచ్చారు. నాకా నువ్వు కథలు చెప్పేది?

మన అమ్మ పెట్టిన చట్టం గుర్తుందిగా. ఉత్తరం తెరిచేవాళ్ళు కూర్చుని ఉంటారో నిలబడి ఉంటారో మనకి తెలీదు, అంచేత కష్టాలు ఉత్తరంలో రాయకూడదు. నాన్న క్యాంపుకెళ్ళి కాలు విరగ్గొట్టుకుని ఏం రాశాడు? "ఇక్కడ మంచం మెత్తగా ఉంది, కిటికీలోంచి గాలి బ్రహ్మాండంగా వస్తోంది" అని రాశాడు. అమ్మ అది చదివి, ఏడుస్తూ బట్టలు సర్దుకుని, తిన్నగా ఆస్పత్రికి వెళ్ళింది. మనం ఆ ఇంట్లో పుట్టినవాళ్ళం. ఉత్తరంలో సంతోషం ఎంతుంటే కొంప అంత మునిగిందన్నమాట.

మరి నీ ఉత్తరం చూడు. ఓనరు పెద్దమనిషట, స్నానాలగదికి అద్దమట! ఊరంతా తలుపులు బిగించుకుని కూర్చుంటే నీకు చేతినిండా పనట! మీకు తాగడానికి నీళ్ళు లేవు, ఆ ఓనరు మిమ్మల్ని పొమ్మని తరుముతున్నాడు, తిండి లేదు. మరదలు ఒళ్ళు చేసిందన్నావంటే పాపం చిక్కి సగమైంది. అవునా కాదా?

ఆ రేకు డబ్బా అక్కడ వదిలేసి ఇద్దరూ ఇంటికి వచ్చెయ్యండి. ఇంటికి ఉండాల్సినవి నాలుగు గోడలురా, నాలుగు చక్రాలు కాదు. చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. వెనక గది దులిపి ఉంచాను.

నేను నిక్షేపంగా ఉన్నాను. ఎదురు వాటాలోకి ఒక బ్యాండు మాస్టారు కొత్తగా దిగాడు. పెళ్ళిళ్ళూ లేవు, ఊరేగింపులూ లేవు, పాపం ఖాళీ. నాకు కూరగాయలు తెచ్చి, బుట్టలో పెట్టి, తన బాల్కనీకీ నా బాల్కనీకీ తాడు కట్టి పంపిస్తున్నాడు. సాయంత్రం ఆయన క్లారినెట్ వాయిస్తుంటే వీధంతా బాల్కనీల్లోకి వచ్చి పాడుతుంది. పాట ఎత్తుకునేది నేనే. ఆయాసం జాడే లేదు.

వెంటనే బయల్దేరండి.

అక్క


ఏప్రిల్ 5

వార్డెన్ గారి సముఖానికి,

నువ్వు పాడుతున్నావా?

అక్కా, నేను నీ జోలపాటలు విని పెరిగినవాణ్ణి. నువ్వు ఎప్పుడు ఆపుతావా అని నిద్ర నటించేవాణ్ణి. హాస్టల్లో కూనిరాగం తీసిందని ఒక పిల్లని గేటు దగ్గర నిలబెట్టిన మనిషివి, ఇప్పుడు వీధికి పాట ఎత్తుకుంటున్నావా? తాడు మీద కూరగాయలు కూడా వస్తున్నాయా? ఎదురు వాటా నాకు తెలిసినప్పటినుంచీ ఖాళీయే. బ్యాండు మాస్టారెక్కణ్ణుంచి ఊడిపడ్డాడు? కాకమ్మ కథలకి కూడా ఒక హద్దుండాలి.

నువ్వు మంచం మీద ఉన్నావు. కూరగాయలు తెచ్చిపెట్టే దిక్కు లేదు. "ఆయాసం జాడే లేదు" అని నువ్వు రాసిన చోటే ఆగి మళ్ళీ మళ్ళీ చదివాను. అంత పచ్చి అబద్ధం నువ్వు ఊరికే రాయవు.

ఇక నా సంగతి. నేను రాసింది అక్షరాలా నిజం. అమ్మ చట్టం నేను ఈసారి పాటించలేదు, ఎందుకంటే కష్టం ఉంటేగా దాచడానికి! చెక్‌పోస్టు దగ్గరి పోలీసాయన వాళ్ళావిడ మెషీను జీపులో వేసుకొచ్చాడు. బాగుచేసి ఇస్తే బుట్టెడు కోడిగుడ్లు పంపించింది. మీ మరదలికి ఇప్పుడు జాకెట్లు పట్టడం లేదు. అన్నీ విప్పి మళ్ళీ కుట్టుకుంటోంది. దానికి తీరికా ఉంది, మెషీన్లకి కొదవా లేదు. ఇంతకంటే ఏం చెప్పను? నీ మీద ఒట్టు.

నువ్వు మాత్రం నిజం రాయి. నాకు భయంగా ఉంది. నువ్వు పోతే నన్ను "ఒరేయ్" అనేవాళ్ళు ఈ భూమ్మీద ఇంకెవరూ మిగలరు.

బొంగరం


ఏప్రిల్ 9

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు చెప్పిందే నిజం. నాదే పొరపాటు. మీకు ఇష్టమైనన్నాళ్ళు అక్కడే ఉండండి. వ్యాను కూడా ఇల్లే కదా. నేను బాగున్నాను. నా గురించి బెంగ పెట్టుకోకు. మరదల్ని అడిగానని చెప్పు.

డ్రైవరు తొందరపడుతున్నాడు. ఉంటాను.

ప్రేమతో,
అక్క


ఏప్రిల్ 12

అక్కా,

ఈ ఉత్తరం ఎక్కడి నుంచి రాస్తున్నానో తెలుసా? నీ వంటింట్లో నీ స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను. నువ్వెక్కడున్నావో కూడా నాకు తెలుసు. మా వ్యాన్లో ఉన్నావు. ఇప్పుడు మనిద్దరిలో ఎవరి చెంప ఎవరు వాయించాలి?

నిన్ను ఎవరు రాయమన్నారు ఆ ఉత్తరం? "నాదే పొరపాటు" అట! పుట్టి బుద్ధెరిగాక నీ నోట ఆ మాట వినలేదు. పైగా "ప్రేమతో" అని సంతకం. చదవగానే "అక్క పోతోందే" అన్నాను. మీ మరదలు కూడా చదివి, "వదినగారు ఎవరి మాటా ఒప్పుకునే మనిషి కాదండీ, ఇది ఆఖరి ఉత్తరమే" అని కళ్ళు తుడుచుకుంది. వ్యానుకీ మెషీన్లకీ దాన్ని కాపలా పెట్టి, ఉల్లిపాయల లారీలో బస్తాల మధ్య నక్కి బయల్దేరాను. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను, అందులో సగం ఉల్లిపాయల పుణ్యం.

సగం దారిలో మన ట్యాంకరు ఎదురొచ్చింది. డ్రైవరు పక్కన ముసుగు బిగించుకున్న ఒక పెద్దావిడ కూర్చుని, అతన్ని చెయ్యి ఊపుతూ చివాట్లు పెడుతోంది. పాపం వాళ్ళావిడ కాబోలు అనుకున్నాను. జాలిపడి చెయ్యి కూడా ఊపాను. నువ్వూ ఊపావు అక్కా!

ఇక్కడికి రాగానే ఆరోగ్యశాఖ వాళ్ళు గేటు దగ్గరే పట్టుకున్నారు. చేతి మీద ముద్ర కొట్టి, నీ ఇంట్లోకి తోసి, తలుపుకి ఎర్ర కాగితం అంటించారు. రెండు వారాలు కదలకూడదట. తాళంచెవి బ్యాండు మాస్టారి దగ్గర ఉంది. అవును, ఆయన నిజంగానే ఉన్నాడు. తాళంచెవి పట్టకారుతో అందించాడు. నీ శిక్షణే అనుకుంటాను. "మేడమ్ గారు మీ కోసమే వెళ్ళారండీ, తమ్ముడికి తిండి లేదని ఒకటే గోల" అన్నాడు. తల గోడకేసి కొట్టుకుందామనుకున్నాను. గోడకి కొత్తగా సున్నం వేయించావు, అందుకని మానేశాను.

ఆయాసం మనిషివి, ఎవరు వెళ్ళమన్నారు నిన్ను? రోడ్డు దుమ్ము నీకు పడదు. మూతికి గుడ్డ తియ్యకు, వరస దగ్గరికి పోకు.

నీ ఇంట్లో ఖైదీ


ఏప్రిల్ 16

ఒరేయ్ దొంగా,

అబద్ధం చెప్పి మోసం చేసేవాళ్ళని చూశాను గానీ, నిజం రాసి మోసం చేసేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూస్తున్నాను.

ముందే చెప్తే ఒట్లు పెట్టి ఆపుతావని, పైకి ఒప్పుకున్నట్టు రాసి బయల్దేరాను. ట్యాంకరు దిగి, "మరదలా, బతికున్నావా" అని అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చాను. అది వ్యాను మెట్టు మీద కూర్చుని గుడ్డు వలుచుకు తింటోంది. నాలుగు మెడలు వచ్చాయి దానికి. నన్ను చూసి గుడ్డు మింగుడుపడక నోరు తెరిచింది. నేను సంచీలో బియ్యం, పప్పు, మందులు, దుప్పట్లు మోసుకొచ్చాను. దాని దగ్గర అవన్నీ నాకంటే ఎక్కువున్నాయి. స్నానాలగది కూడా చూశాను. అద్దం బాగుంది.

ముసుగావిడ సంగతి ఇక ఎత్తకు. ఉల్లిపాయల బస్తాల మధ్య నుంచి ఎవడో చెయ్యి ఊపుతుంటే, పాపం పిచ్చివాడు కాబోలు అని నేనూ ఊపాను.

మమ్మల్ని కూడా బంధించారులే. వ్యాను చుట్టూ డ్రమ్ములు పెట్టి ముగ్గు గీతలా సున్నం పోశారు. గీత దాటకూడదు. వచ్చేవాళ్ళు మెషీన్లు గీత అవతల పెట్టి వెనక్కి జరుగుతారు. మేము కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టి, అప్పుడు ముట్టుకుంటాం. బాగుచేసేది మరదలే. నీకంటే త్వరగా చేస్తుందని ఊళ్ళో అనుకుంటున్నారు. నేను అనడం లేదు, వాళ్ళు అనుకుంటున్నారు.

నేను వచ్చినప్పుడు ఆ వరస చూడాల్సింది, సంతలో మేకలు నయం. ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు. నేను బంకు ఓనరు దగ్గర గంట తెప్పించాను. ఇప్పుడు గంట కొడితేగానీ ఎవరూ అడుగు వెయ్యరు. నిన్న ఆ పోలీసాయన వరస తప్పి ముందుకొస్తే వెనక్కి పంపించాను. వెళ్ళాడు. హాస్టలు వదిలాక ఇంత హాయిగా ఎప్పుడూ లేను.

నా ఇంట్లో ఇత్తడి గిన్నెలు చింతపండు పెట్టి తోము, పీచుతో గీకకు. కుడిపక్క కుళాయి గట్టిగా తిప్పకు. మాస్టారికి బుట్ట ఖాళీగా తిప్పి పంపకు, ఏదో ఒకటి వెయ్యి. ఖాళీ బుట్ట పంపితే నా పరువు పోతుంది.

గీత లోపలి నుంచి,
అక్క


ఏప్రిల్ 19

అక్కా,

బుట్ట ఖాళీగా పంపడం లేదు. నేను వండిన ఉప్మాలాంటి పదార్థం పంపించాను. మాస్టారు పుచ్చుకుని, కాసేపటికి గిన్నె కడిగి, "మేడమ్ గారు ఎప్పుడొస్తారో" అని చీటీ పెట్టి పంపాడు. రోజూ అదే ప్రశ్న. పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేనేమీ అడగలేదు. నువ్వూ చెప్పకు.

ఇల్లు నాకు పడడం లేదు. నాలుగు గోడలు నాలుగూ ఉన్నచోటే ఉంటున్నాయి. పొద్దున్న లేచి కిటికీ తెరిస్తే నిన్నటి వీధే ఉంటుంది. వ్యాన్లో పడుకుంటే లారీలు పోతుంటాయి, ఒళ్ళు ఊగుతుంది, నిద్ర పడుతుంది. ఇక్కడ ఏమీ ఊగదు. బాల్కనీలో చాప వేసుకుని పడుకుంటున్నాను.

పాట సంగతి కూడా నిజమేనని తేలింది. మొదటిరోజు సాయంత్రం వీధంతా నీ బాల్కనీ వైపు చూస్తూ నిలబడింది. "మేడమ్ గారి తమ్ముడు ఎత్తుకోవాలి" అన్నారు. ఎత్తుకున్నాను. మర్నాటి నుంచి మాస్టారే ఎత్తుకుంటున్నాడు, దయచేసి మీరు వద్దన్నాడు. మన రక్తం ఒకటేనని అప్పుడు నమ్మాడు.

వరస దగ్గర గంట కొడుతున్నావని చదివి నవ్వుకున్నాను. అక్కడ నువ్వు సుఖంగానే ఉన్నావని నాకు అర్థమైంది. మొట్టమొదటిసారి నీ ఉత్తరం ఉన్నదున్నట్టు చదివి నమ్మాను. అయినా అడుగుతున్నాను, ఆయాసం ఎలా ఉంది?

ఉప్మా మాస్టారు


ఏప్రిల్ 23

తమ్ముడూ,

అంతా బాగుంది. మరదలు నన్ను మహారాణిలా చూసుకుంటోంది. లేవనివ్వడం లేదు. నాలుగు తలగడలు పెట్టింది, చాలా మెత్తగా ఉన్నాయి. గంట కూడా తనే కొడుతోంది. గాలి బ్రహ్మాండంగా వస్తోంది.

నువ్వు వేళకి తిను.

అక్క


ఏప్రిల్ 23

అక్కా,

ట్యాంకరు డ్రైవరు కింద హారను కొడుతున్నాడు. అతన్ని ఆపి రాస్తున్నాను.

నాలుగు తలగడలు ఎందుకు పెట్టింది? పడుకుంటే ఊపిరి ఆడడం లేదా? అక్షరాలు వంకరగా ఉన్నాయి. గంట నువ్వు ఇంకొకళ్ళ చేతికి ఇచ్చావంటే నాకు ఇంకేం చెప్పక్కర్లేదు. డ్రైవర్ని అడిగాను. అతను తల వంచుకుని, "అమ్మగారు నన్ను చెప్పొద్దన్నారు" అన్నాడు. అంతకంటే చెప్పేదేముంది?

రెండు వారాలు గడిస్తే వచ్చేద్దామని సంచీ సర్దుకుని కూర్చున్నాను. నిన్న కింది వాటాలో ఒకాయనకి ఈ జబ్బు వచ్చింది. బిల్డింగు మొత్తానికి తాళం వేశారు. మళ్ళీ రెండు వారాలు. గేటు దగ్గర కానిస్టేబుల్ని బతిమాలాను, కాళ్ళు పట్టుకోబోయాను. అతను నా కంటే భయపడి వెనక్కి దూకాడు.

విను. అమ్మ చట్టం ఈ పూటతో రద్దు. మన మీద అమ్మకి ప్రేమ ఉంది, అందుకే పెట్టింది, కాదనను. కానీ ఆ చట్టం మూలానే నువ్వు అక్కడ, నేను ఇక్కడ. ఇకనుంచి నువ్వు ఏది రాస్తే అదే చదువుతాను. బాగున్నానంటే బాగున్నావనే అనుకుంటాను. కాబట్టి చూసి రాయి. నేను కూర్చునే ఉన్నాను. నేల మీద, గోడకి ఆనుకుని.

తమ్ముడు


ఏప్రిల్ 26

తమ్ముడూ,

సరే. కూర్చునే ఉన్నావుగా.

నాకు జ్వరం వచ్చి వారం దాటింది. ఎక్కడ అంటుకుందో తెలీదు. మరదలు మొదటిరోజే పసిగట్టి నన్ను వ్యాన్లో పడుకోబెట్టి, తను బయట టార్పాలిన్ కింద ఉంటోంది. మూతికి రెండు గుడ్డలు కట్టుకుని వచ్చి ఒళ్ళు తుడుస్తుంది. వద్దంటే వినదు. నేను ముప్పై ఏళ్ళు మనుషుల్ని కసిరి బతికాను, దీన్ని కసిరితే "ఊఁ, ఇంకా" అంటుంది. ఇది ఇంత మంచిదని నువ్వు ఎప్పుడూ రాయలేదేం? రాశావేమో, నేను తిరగేసి చదువుకుని ఉంటాను.

ఓనరు సొరుగు తాళం తీసి డాక్టరుకి ఫోను చేశాడు. డాక్టరు వచ్చి చూశాడు. ఆస్పత్రిలో ఖాళీ లేదు, ఇక్కడే ఉండమన్నాడు. సూదిమందు ఇచ్చి, ఈ వారం గడవాలి అన్నాడు. గడుస్తుందని అనలేదు, గడవాలి అన్నాడు.

కూర్చుంటే ఊపిరి అందుతుంది, ఒరిగితే అందదు. దగ్గు మొదలైతే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. నాకు భయంగా ఉందిరా. చావంటే నాకు లెక్కలేదని అందరితో చెప్పుకు తిరిగాను. ఉత్త కోతలు. చాలా భయంగా ఉంది. నువ్వు పక్కన ఉంటే బాగుండుననిపిస్తోంది. నువ్వు రాలేవని తెలుసు, రమ్మని కాదు రాయడం. నిజం రాయమన్నావు కదా అని రాస్తున్నాను.

ఇది రాశాక మరదలికి చదివి వినిపించాను. అది బయట నిలబడి ఏడ్చింది. నేను లోపల కూర్చుని ఏడ్చాను. అమ్మ ఉంటే ఇద్దర్నీ తన్నేది.

డ్రైవరు వచ్చినప్పుడల్లా రాయి. ఏదో ఒకటి రాయి.

అక్క


ఏప్రిల్ 26

అక్కా,

రాస్తున్నాను. చట్టం రద్దయింది కాబట్టి కష్టాలన్నీ రాస్తాను, విను.

నువ్వు గట్టిగా తిప్పొద్దన్న కుళాయి గట్టిగా తిప్పాను. ఊడి చేతిలోకొచ్చింది. వంటింట్లో నీళ్ళు మడమ దాకా వచ్చాయి. కుట్టుమెషీను బోల్టు పెట్టి బిగించాను, ఇప్పుడు కుళాయి తిప్పితే కుట్టుమెషీను చప్పుడు వస్తోంది. ఇత్తడి గిన్నె పీచుతోనే గీకాను. మాడింది మరి. నీ వెనక గది తలుపు నా వీపు తగిలి కీలు ఊడింది. నీ పూలకుండీల్లో ఒకటి చచ్చిపోయింది, రెండోది నిర్ణయించుకోలేదు.

నీ ఉత్తరం చదివి మాస్టారికి చెప్పాను. దాచలేకపోయాను. ఆయన బాల్కనీలోకి వచ్చి, కుర్చీలో కూర్చుని క్లారినెట్ ఒళ్ళో పెట్టుకున్నాడు. సాయంత్రం వీధంతా వచ్చింది. ఆయన వాయించలేదు. జనం కూడా పాడలేదు, ఊరికే నిలబడి లోపలికి వెళ్ళిపోయారు. ఒకావిడ మాత్రం, "మేడమ్ గారు మా పిల్లాడు బాల్కనీలోంచి చెత్త వేస్తే ఇంకా తిట్టాలి, త్వరగా రమ్మనండి" అని చెప్పింది. అది నీకు రాయమంది.

నాకూ భయంగా ఉంది. అన్నం దిగడం లేదు. నేను కాస్త ఏడుపుగొట్టు ఉత్తరం రాసి ఉంటే, అంతా బాగుందని తిరగేసుకుని నువ్వు ఇంట్లో కూర్చునేదానివి. సంతోషంగా ఉన్నందుకు ఇంత పశ్చాత్తాపపడిన మనిషి ఎవరైనా ఉన్నారా?

నిన్ను ఒక్కసారి చూడాలని ఉంది. ఇల్లూ వ్యానూ ఏదైతేనేం, నువ్వు ఉంటే చాలు. నేను నిన్ను ఎప్పుడూ ఇలా అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను. బతుకు అక్కా.

నీ బొంగరం


మే 4

ఒరేయ్,

జ్వరం వదిలింది. ఇది నిజం. తిరగేసి చదివావంటే చెవి మెలిపెడతాను.

నిన్న డాక్టరు వచ్చి గొట్టం పెట్టి విని, "ఇంక భయం లేదమ్మా, కొన్నాళ్ళు దగ్గు ఉంటుంది" అన్నాడు. నేను ఆయన్ని మూడుసార్లు చెప్పించాను. మరదలు ఆ మాట విని డ్రమ్ము మీద కూలబడి భోరుమంది. వరసలో నిలబడ్డవాళ్ళు నేను పోయాననుకుని వాళ్ళూ ఏడ్చారు. కిటికీలోంచి తల బయటపెట్టి గంట కొట్టేసరికి ఇద్దరు ఆడవాళ్ళు పారిపోయారు.

ఇక కష్టాలు రాస్తాను, రాయొచ్చన్నావు కాబట్టి. నీ వ్యాన్లో పరుపు అస్సలు మెత్తగా లేదు, లోపల బోల్టులు ఉన్నాయి. మీ ఆవిడ గురక పెడుతుంది, టార్పాలిన్ లేచి లేచి పడుతుంది. టీలో పంచదార తగ్గిస్తుంది, అదేమంటే నా ఆరోగ్యమంటుంది. అక్కడ నా ఇంట్లో కుళాయి విరిచావు, గిన్నె గీకావు, తలుపు ఊడబెరికావు, నేను బతికి వస్తే నీ సంగతి చూద్దామని పళ్ళు కొరుక్కుంటూ పడుకున్నాను. జ్వరం వదలడానికి అందులో సగం కారణం అదే. రెండో సగం మరదలు. నేను దాన్ని "మరదలు" అని రాసిన ఉత్తరాలన్నీ చింపెయ్యి. అది నా చెల్లెలు.

డ్రమ్ములు తీసేశారు. నిన్నటి నుంచి బళ్ళు వదులుతున్నారు. మీ బిల్డింగు తాళం కూడా ఈ వారం తీస్తారని డ్రైవరు చెప్పాడు. వినగానే ఇంటికి బయల్దేరదామని సంచీ సర్దాను. సర్ది, ఆలోచించి, విప్పేశాను. నేను ట్యాంకరెక్కుతాను, నువ్వు ఉల్లిపాయల లారీ ఎక్కుతావు, సగం దారిలో ఒకళ్ళనొకళ్ళం చూసి జాలిపడి చేతులూపుకుంటూ పోతాం. ఇంకోసారి అంత ఓపిక నాకు లేదు. మనిద్దరిలో ఒకళ్ళం కదలకుండా కూర్చోవాలి. పెద్దదాన్ని, నేను కూర్చుంటాను. ఇక్కడే, వ్యాను మెట్టు మీద.

ఇన్నేళ్ళూ ఇంటికి వచ్చెయ్యమని నిన్ను సతాయించాను. ఇప్పుడు చెప్తున్నాను, నా ఇంటికి తాళం వేసి ఇక్కడికి రా. మాస్టారు కూడా వస్తానంటే కాదనకు, వ్యాను వెనక చోటుంది.

నిన్ను చూడాలని ఉంది. రా.

అక్క